వెచ్చగాలి రోజున సన్మానం

సభకు అధ్యక్షత వహిస్తున్న మా జిల్లా పెద్ద, అకీం మరాల్‌బెక్ గారికి, మా అందరిలోకీ వయసులో పెద్దవారు, ఏ విందైనా ఆయన చేతులెత్తి దీవించందే ఎవరూ కూర్చున్న చోటు నుంచి లేవని మా ఓతెగెన్ తాతగారికి, గొర్రెల్నీ దొడ్లనీ ఇళ్లవాళ్లకు అప్పగించి గుర్రాలెక్కి, ట్రక్కులెక్కి ఇంత దూరం వచ్చిన కాపరి సోదరులకి, పొద్దుటి నుంచి వెనకపెరట్లో పొయ్యిల దగ్గరే ఉండిపోయి ఈ హాల్లోకి తొంగి కూడా చూడని ఆడపడుచులకి, ఇంతకాలం నన్ను భరించిన నా భార్య బాతిమాకి, అందరికీ నా సలాములు.

నన్ను గురించి చాలా చెప్పారు. మరాల్‌బెక్ గారు నేను ఆకాశాన్ని చదివిన మనిషినన్నారు. స్కూలు హెడ్‌మాస్టారు నేను ఆక్‌షోఖి స్టెప్పీకి కళ్లూ చెవులూ అన్నారు. పాల సంఘం కార్యదర్శి ఒక పద్యం రాసుకొచ్చి, దాన్ని పూర్తిగా చదివి, మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి చదివి, అందులో నన్ను డేగతో పోల్చారు. కుర్చీలోంచి లేవాలంటే నా నడుము ఎన్ని ఒప్పందాలు అడుగుతుందో తెలిసిన బాతిమా అక్కడ నవ్వాపుకోలేకపోయింది, నేను చూశాను. (నవ్వులు) ఇన్ని పొగడ్తలకి నేను తగనని చెప్పడం ఇక్కడ మర్యాద. చెబుతున్నాను, తగను. మర్యాద అయిపోయింది కాబట్టి ఇక అసలు మాటకొస్తాను.

మాట్లాడిన ప్రతి ఒక్కరూ చివర్లో ఒకే మాటతో ముగించారు. "సాగిందిక్ ఎంత మంచివాడో చూడండి, ఆయన పదవీ విరమణ రోజున ఆకాశమే చలిని తగ్గించింది, నడి శీతాకాలంలో చూరునీళ్లు కారుతున్నాయి" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, కొట్టకపోతే బాగుండదు కదా. కానీ నా కళ్లు మాత్రం కిటికీ వైపే ఉన్నాయి. మన ఊళ్లో శీతాకాలంలో వెచ్చగా ఉందంటే అది ఎవరో ఇచ్చిన కానుక కాదు.

చాలామందికి ఇది స్కూల్లో చెప్పాను. అప్పుడు మీరు నిద్రపోయారు. (నవ్వులు) ఇప్పుడు మళ్లీ చెబుతాను. గాలి కూడా మందలు మందలుగా ఉంటుంది. పుస్తకాల్లో వాయురాశి అంటారు, మీరు మంద అనుకోండి. ఒక మంద చాలాకాలం ఒకే మేతబీడులో ఉంటే దాని ఉన్నికి ఆ మట్టి రంగు వస్తుంది. గాలి కూడా అంతే. ఉత్తరాన సైబీరియా మంచు మీద వారాల తరబడి కదలకుండా పడుకున్న గాలికి ఆ చలీ, ఆ పొడితనం, ఆ బరువూ పడతాయి. నైరుతిన వెచ్చటి సముద్రాల మీద, ఎడారుల మీద ఉండి వచ్చిన గాలికి వెచ్చదనం, తేమ, తేలికదనం వస్తాయి. ఈ రెండు మందలూ ఎదురుపడితే కలవవు. పాలూ నీళ్లూ కలిసినట్టు కలుస్తాయని కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు అనుకుంటారు, అస్సలు కలవవు. వాటి మధ్య ఒక అంచు ఉంటుంది. ఆ అంచు కదులుతూ ఉంటుంది. మన వాన, మన మంచు, మన గాలివాన అన్నీ ఆ అంచు మీదే పుడతాయి.

నాలుగైదు రోజులుగా మనం వెచ్చటి మందలో ఉన్నాం. అందుకే చూరు కారుతోంది, అందుకే మీ కోట్ల గుండీలు విప్పుకున్నారు. దక్షిణపు వాలుల మీద మంచు కరిగి గడ్డి పైకి కనిపిస్తోంది, రాత్రి నుంచి సన్నటి జల్లు కూడా పడుతోంది. కానీ దీని వెనకాల చలిమంద వస్తోంది. బరువైనది కాబట్టి అది నేలని అంటుకుని, వెచ్చగాలి కిందకి చొచ్చుకుని, దాన్ని ఎత్తి అవతల పారేస్తూ వస్తుంది. అది వచ్చాక ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తడిసిన మంచు, జల్లు నీళ్లు, గడ్డి, అన్నీ కలిసి గంటల్లో గాజులా గడ్డకట్టుకుపోతాయి. గడ్డి కళ్ల ముందే ఉంటుంది. గొర్రె మూతి పెడుతుంది, నెత్తురు వస్తుంది, గడ్డి రాదు. మన తాతలు దీనికి పెట్టిన పేరు జూత్. ఆ పేరు పలకడానికి ఇక్కడ చాలామందికి ఇష్టం ఉండదు. నాకూ లేదు. కానీ ఇవాళ సాయంత్రం లోపల జూత్ వస్తుంది.

(చప్పట్లు)

వద్దు. దయచేసి చప్పట్లు కొట్టకండి. నేను బాగా మాట్లాడటం లేదు, ఉన్నది చెబుతున్నాను.

అకీం గారు నా వైపు చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. "ఈ రోజు కూడా డ్యూటీయేనా?" అని ఆ నవ్వుకి అర్థం. పొద్దున ఆయన గుమ్మంలో కారు దిగుతుంటే చెప్పాను. "అకీం గారూ, గాలి తిరగబోతోంది, విందు ఇంకో వారానికి వాయిదా వేయండి" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "సాగిందిక్ అన్నా, గుర్రాన్ని కోసేశాక వాయిదా ఏంటి? అతిథులకి కోసిన మాంసం వెనక్కి పెడితే ఊరు ఊరంతా మన మొహాన ఉమ్ముతుంది. ఇవాళ నీ రోజు, పని సంగతి పక్కన పెట్టు" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఇంకెవరైనా అదే అనేవారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గుమ్మానికి ఎదురుగా, అన్నిటికంటే లోపలగా ఉన్న గౌరవస్థానంలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చున్నవాడు లేచి బయటికి వెళ్లాలంటే అందరి కాళ్లూ దాటుకుని వెళ్లాలి. అప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు నన్ను పొగుడుతూనే ఉన్నారు. మధ్యలో లేచి మాట్లాడబోయినప్పుడల్లా "మీ వంతు చివర్లో" అన్నారు. పొద్దున చేతిలో ఉన్న సమయమంతా నా మంచితనం మీద ఖర్చయిపోయింది.

(కొందరు నవ్వారు)

నవ్వండి. మీకు నవ్వొస్తుందని నాకు తెలుసు.

నేను పనిచేసిన మన వాతావరణ కేంద్రం మూసేశారని మీకు తెలుసు. కొలతల గూడు పీకేశారు, దాని చోట తనంతట తానే కొలుచుకునే ఇనుప స్తంభం ఒకటి పాతారు. రోజూ పొద్దున మీ శీతాకాలపు మకాములతో మాట్లాడే రేడియో సెట్టును కూడా పట్నం తీసుకెళ్లారు. ఇప్పుడు వాతావరణం ఫోన్లో వస్తుందన్నారు. మీ జేబుల్లో ఉన్న ఫోన్లు తీసి చూడండి. చిన్న సూర్యుడి బొమ్మ, దాని మీద చిన్న మబ్బు, చాలా అందంగా ఉంటుంది. ఆ బొమ్మ వేసినవాళ్లది తప్పని నేను అనను, రేపటికి వాళ్లు కూడా సరిచేస్తారు. కానీ ఇవాళ తెల్లవారుజామున నేను గెన్నాదీకి ఫోన్ చేశాను. మనకి వాయవ్యాన, రైలు మార్గం పక్కనున్న కేంద్రంలో ఇంకా మిగిలి ఉన్న పాత మిత్రుడు. "ఎలా ఉందిరా అక్కడ?" అన్నాను. "ఎలా ఉండటమేంటి, కరెంటు తీగల మీద చెయ్యంత మందాన మంచు పట్టింది, తలుపు తెరుచుకోవడం లేదు, గాలి ఒక్కసారిగా తిరిగింది, రాత్రి ఒక్క చొక్కాతో తిరిగాను, ఇప్పుడు రెండు కోట్లు వేసుకున్నా వణుకుతున్నాను. నీ వైపే వస్తోందిరా" అన్నాడు. ఆ తర్వాత, "పదవీ విరమణ శుభాకాంక్షలు" అన్నాడు. అంచు ఎంత వేగంతో వస్తుందో లెక్కగట్టడం నాకు తెలుసు. అది ఇంకాసేపట్లో ఇక్కడ ఉంటుంది.

దోస్జాన్, ఎందుకు తల దించుకున్నావు? వీడు మా అల్లుడండీ, కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు. మా నూర్‌సావ్‌లే భర్త. నా కూతురు ఎవరో మీకు తెలుసు, చిన్నప్పుడు కొలతల గూడు నిచ్చెన మీద కూర్చుని మీ అందరికీ నాలుక చాపి వెక్కిరించిన పిల్ల. వీళ్లిద్దరికీ ఉన్నదంతా ఆ గొర్రెల మందే. అప్పు చేయలేదు, ఎవరినీ అడగలేదు, పెళ్లినాడు ఇచ్చిన నాలుగు గొర్రెల నుంచి పెంచుకున్నారు. ఇప్పుడు అందులో సగానికి పైగా చూడి గొర్రెలు.

వెచ్చగాలి రాగానే దోస్జాన్ మందను కొండవెనక దక్షిణపు వాలుకి తోలాడు. అక్కడ గడ్డి బయటపడింది కదా, మంచిదే అనుకున్నాడు. గడ్డివాములన్నీ పాత మకాంలోనే ఉన్నాయి. ఆ వాలు నుంచి ఇక్కడికి సగం పూట దారి, వాడు తెల్లవారకముందే బయల్దేరి ఉంటాడు. ఆ వాలు మీద ఫోన్ అందదు. నేను నిన్నే వాడికి కబురు పంపాను, "సన్మానానికి రావద్దు, మందను వెనక్కి తోలు" అని. రాకపోతే మావగారికి అవమానమని వాడు వచ్చాడు. పొద్దున గుమ్మం దగ్గర పట్టుకుని, "ఎందుకొచ్చావురా? వెనక్కి పో" అన్నాను. వాడేమన్నాడో వాడే చెబుతాడు. చెప్పు దోస్జాన్.

"మావయ్యా, ఇంతమందిలో..."

చెప్పు, ఫరవాలేదు.

"మీరెప్పుడూ అంతే కదా మావయ్యా. మీకోసం ఎవరూ కష్టపడకూడదంటారు. మర్యాదకి అంటున్నారనుకున్నాను. అల్లుడు రాని సన్మానం ఏం సన్మానం? రొమ్ముమాంసం అల్లుడి వాటా, అది పెట్టినప్పుడు నేను లేకపోతే మీరు తల దించుకోవాల్సి రాదూ?"

విన్నారు కదా. వీడిలో తప్పు వెతికితే నాకు దొరకలేదు. మన దగ్గర ఎవరైనా "రావద్దు" అంటే "తప్పకుండా రా" అని అర్థం. "తినలేను" అంటే ఇంకాస్త పెట్టమని అర్థం. "నాకు సన్మానం వద్దు" అంటే ఇంకా పెద్దది చేయమని అర్థం. ఇలాగే పెరిగాం, ఇలాగే బతికాం, దీనివల్లే ఒకరికొకరం మిగిలాం. కానీ ఇవాళ ఈ ఒక్కరోజు నేను చెప్పిన మాటకి వేరే అర్థం లేదని చెప్పుకోవడానికి నాకు మాటలు దొరకడం లేదు. నేను ఏడ్చినా "పాపం, ఉద్యోగం వదిలి వెళుతున్నందుకు ఏడుస్తున్నాడు" అంటారు.



వీడొక్కడే కాదు. సాయంత్రం గుర్రాల మీద మేక కళేబరం కోసం పోటీపడే కోక్‌పర్ ఆట పెట్టారని ప్రతి మకాం నుంచి మంచి గుర్రాలన్నీ ఇక్కడికే తెచ్చారు. నన్ను గౌరవించడానికి తెచ్చారు, దానికి నా గుండె నిండింది. అదిగో, కంచె పొడుగునా కట్టేసి ఉన్నాయి. జూత్ పడ్డప్పుడు గొర్రెకి తిండి దొరకాలంటే ముందు గుర్రాలు నడవాలి. గిట్టలతో గడ్డకట్టిన మంచు పెచ్చు పగలగొట్టాలి. గుర్రం తిన్న వెనకాలే ఆవు, ఆవు వెనకాలే గొర్రె. అది మీకు నేను నేర్పేదేమిటి, మీరే నాకు నేర్పారు. ఇప్పుడు కొండవెనక వాలు మీద గొర్రెలున్నాయి, గుర్రాల్లేవు. గడ్డివాములు లేవు. మగవాళ్లు లేరు. నా కూతురు ఒక్కతే ఉంది. అది మందను వదిలి రాదు. చలి మొదలైతే వచ్చేస్తుందేమో అని ఎవరో అన్నారు ఇందాక నాతో. రాదండీ. దాన్ని పెంచింది నేనే. చూడి గొర్రె పడిపోతే దాని పక్కన కూర్చుంటుంది తప్ప రాదు.

అకీం గారు చీటీ పంపారు. "మాంసం ఉడికింది, సంక్షిప్తంగా ముగించండి." సరేనండీ.

(వెనక తలుపు తెరుచుకుంది. వంటల దగ్గర నుంచి కమార్ వదిన దగ్గుతూ లోపలికి వచ్చింది.)

ఏంటి వదినా?

"ఏం లేదు మరిదీ, మీరు మాట్లాడుకోండి. పొయ్యిల పొగంతా ఇటు తిరిగిపోయింది, ఇందాకటి దాకా అటు పోయేది. కళ్లు మండిపోతున్నాయి. చేతులు కొంకర్లు పోతున్నాయి, ఉన్నట్టుండి ఏం చలో ఏమో. పళ్లాలు తీసుకురమ్మంటారా?"

పొగ ఎటు నుంచి కొడుతోంది వదినా? అందరికీ వినిపించేలా చెప్పు.

"చెప్పాను కదా, ఆ గోదాము వైపు నుంచి. వాయవ్యం నుంచి."

(హాల్లో కదలిక)

కూర్చోండి, కూర్చోండి అంటున్నారు ఎవరో. ఎందుకు కూర్చోవాలి? తెలుసు, మాంసం రాలేదు, దీవెన కాలేదు, పెద్దవారి దీవెన లేకుండా విందులోంచి లేచినవాడి ఇంట మంచి జరగదు. మీరందరూ దానికోసమే ఆగారు. అటు గుర్రాల వైపు చూస్తున్నారు, ఇటు తాతగారి చేతుల వైపు చూస్తున్నారు. మీ మొహాలు నాకు కనిపిస్తున్నాయి. నమ్మకపోవడం కాదు. ముందు ఎవరు లేవాలన్నదే మీ బాధ.

ఓతెగెన్ తాతగారూ, మీకు చెప్పుకుంటున్నాను. మాంసం రాకముందే చేతులెత్తండి.

"సాగిందిక్, నీకు మతిపోయిందా? ఎసట్లో మాంసం ఉండగా చేతులెత్తితే ఇది సన్మానమా, చావింటి పరామర్శా? నీ జీవితంలో ఇదొక్కటే విందు నీకు. నీ పళ్లెంలో ఎముక కూడా పడకుండా పంపేయమంటావా జనాన్ని?"

పంపేయమంటాను తాతగారూ. పంపినా సాయం అందదేమో. నేను మీకు అబద్ధం చెప్పను. గుర్రాలు ఇప్పుడు బయల్దేరితే, ట్రక్కుల్లో ఎక్కించినా సరే, చేరేసరికి పెచ్చు గట్టిపడిపోతుంది. దగ్గరి మకాములవాళ్లకి అందుతుంది, వాళ్లన్నా వెళ్లాలి. దోస్జాన్ మకాంకి అందదు. నాకు తెలుసు. ఈ ఉద్యోగంలో ఉన్న శాపం అదే. ముందే తెలుస్తుంది, చేతిలో ఏమీ ఉండదు. వెచ్చగాలిని పట్టి ఆపలేను, చలిగాలిని పక్కకి తోలలేను. చెప్పగలను, అంతే. చెబుతూనే బతికాను, చెబితే జనం వింటారనుకుని. ఇవాళ నా కూతురి దగ్గరికి వచ్చేసరికి, నా మాటకి మీరు చప్పట్లు కొట్టారు.

తాతగారూ, మీకు గుర్తుంది. మీ చిన్నతనంలో జూత్ వచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు మిగిలారో మీరు ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. ఇవాళా అడగను. చేతులెత్తండి, చాలు. నాకు ఆయుష్షు ఇవ్వక్కర్లేదు, ఆరోగ్యం ఇవ్వక్కర్లేదు. వీళ్లు లేవడానికి అనుమతి ఇవ్వండి.

(ఓతెగెన్ తాతగారు టోపీ సర్దుకుని, రెండు చేతులూ గుండెల ముందు దోసిలిగా పట్టారు. హాల్లో అందరూ చేతులెత్తారు.)

"దేవుడా. మా తాతల ఆత్మలారా. ఈ సాగిందిక్ చెప్పిన మాట నిజం కావాలని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇవాళ అనుకోను. వీడి మాట తప్పు కావాలి. ఈ లెక్కలన్నీ తప్పు కావాలి. గుర్రాలు అక్కడికి చేరేసరికి మెత్తటి మంచు ఉండాలి, వీడి కూతురు గొర్రెల మధ్య కూర్చుని పాడుకుంటూ ఉండాలి. రేపు పొద్దున వీడు ఊళ్లో తల ఎత్తుకోలేకుండా ఉండాలి, చిన్నపిల్లలు కూడా వీడిని చూసి నవ్వాలి. వీడు నవ్వులపాలు కావాలి. ఔమిన్."

(అందరూ: "ఔమిన్." చేతులు మొహాల మీదుగా దించుకున్నారు. కుర్చీలు కదిలాయి. దోస్జాన్ అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు.)

ఔమిన్. కృతజ్ఞతలు తాతగారూ. ముందు లేచిన దోస్జాన్‌కి కృతజ్ఞతలు, వాడి వెనక లేచిన మీ అందరికీ కృతజ్ఞతలు. అకీం గారూ, క్షమించండి, మాంసం ట్రక్కుల్లో పెట్టించండి, దారిలో తింటారు. బాతిమా, నా ఫెల్ట్ బూట్లు ఎక్కడున్నాయి? నేనూ వెళుతున్నాను. వద్దనకు, మర్యాదకి అనడం లేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎందరో దీవించారు. నవ్వులపాలు కమ్మని దీవించింది తాతగారొక్కరే. ఇంతకంటే మంచి దీవెన నాకు ఎవరూ ఇవ్వలేదు. అది ఫలించదు. గాలి తిరిగింది, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అయినా మీరందరూ కలిసి నా మాట తప్పు కావాలని గట్టిగా కోరుకున్నారు, నా కూతురి కోసం. దారివ్వండి.

సెలవు.